రహదారి హద్దు దాటిన కట్టడం: చట్టం దృష్టి

రహదారిని ఆక్రమించిన భవనం ఒక్కనాడే మొత్తంగా లేచి నిలబడటం అరుదు. మొదట వీధి గుమ్మం ముందు రెండు మెట్లు వస్తాయి, మెట్ల పక్కన అరుగు వస్తుంది, అరుగు మీదికి రేకుల పంచ దిగుతుంది, కొన్నేళ్లకు ఆ పంచకు గోడలు లేచి దుకాణం గదిగా మారుతుంది, పై అంతస్తు వేసేటప్పుడు శ్లాబు మరో మూడడుగులు వీధి మీదికి జరుగుతుంది. ఎదుటి ఇంటివారూ అదే పని చేస్తే, కాగితం మీద 30 అడుగులున్న వీధి నేల మీద 20 అడుగులై, అగ్నిమాపక వాహనం తిరగలేని సందుగా మిగులుతుంది. ఇంత నెమ్మదిగా, ఇందరి కళ్లెదుట జరిగే ఈ మార్పు గురించి మన చట్టాలూ న్యాయస్థానాలూ చెప్పిన మాట, ఆక్రమించినవారు అనుకునే దానికంటే కఠినమైనది. అదే మాట, కూల్చడానికి వచ్చే అధికారులు సాధారణంగా ఆచరించే దానికంటే ఎంతో జాగ్రత్తతో కూడినది. ఈ రెండు లక్షణాలనూ కలిపి చూడకపోతే విషయం సగమే అర్థమవుతుంది.

బాట ఎవరిది అన్న ప్రశ్నతో చట్టం మొదలవుతుంది. మద్రాసు ప్రభుత్వం 1905లో చేసిన భూ ఆక్రమణల చట్టం తరవాత తెలంగాణ ప్రాంతానికీ విస్తరించి, నేడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ వాటి వాటి పేర్లతో అమలులో ఉంది. ఆ చట్టంలోని 2వ సెక్షన్ ప్రకారం, వేరొకరి హక్కు రుజువైతే తప్ప, ప్రజా రహదారులు, వీధులు, సందులు, కాలిబాటలు, వంతెనలు అన్నీ ప్రభుత్వ ఆస్తి. గోదావరి జిల్లాలలో పుంత అనీ, కృష్ణా గుంటూరు ప్రాంతంలో డొంక అనీ, తెలంగాణలో బండ్ల బాట అనీ పిలిచే దారులు కూడా, రెవెన్యూ పటంలో బాటగా నమోదై ఉంటే, ఇదే రక్షణ కిందికి వస్తాయి. పట్టణాలలో వీధులు పురపాలక సంఘానికి దఖలు పడతాయని మున్సిపల్ చట్టాలు చెబుతాయి. జాతీయ రహదారి భూమి కేంద్ర ప్రభుత్వ ఆస్తి అని 2002 నాటి జాతీయ రహదారుల భూమి, రాకపోకల నియంత్రణ చట్టం చెబుతుంది. ఇక్కడ దఖలు పడటమంటే మామూలు అర్థంలో యజమాని కావటం కాదు. ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జ్ వెల్స్ పట్టణంలో పురపాలక సంఘం వీధి కింద నేలను తవ్వి మరుగుదొడ్లు కట్టినప్పుడు, వీధిని వీధిగా నిలబెట్టడానికి అవసరమైనంత పైభాగమూ లోతూ మాత్రమే సంఘానికి దఖలు పడతాయని హౌస్ ఆఫ్ లార్డ్స్ 1896లో తేల్చింది. భారత న్యాయస్థానాలు కూడా ఆ సూత్రాన్ని స్వీకరించాయి. రహదారుల విషయంలో ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త వంటిదని మన సుప్రీంకోర్టు 1954లో సగీర్ అహ్మద్ కేసులో చెప్పింది. ధర్మకర్త అంటే ఇతరుల మేలు కోసం ఆస్తిని కాపాడేవాడే గాని, తన ఇష్టం వచ్చినట్లు దానిని పంచిపెట్టేవాడు కాదు.

ఈ ఒక్క భావన నుంచే మిగతా చట్టమంతా పుడుతుంది. కార్పొరేటరు నోటిమాటగా సరేనన్నా, గుమస్తా రసీదు రాసి ఇచ్చినా, పంచాయతీ తీర్మానం చేసినా, వీధిలో శాశ్వతంగా గోడ కట్టుకునే హక్కు ఎవరికీ రాదు. ధర్మకర్తకే లేని హక్కును ధర్మకర్త దగ్గర పనిచేసేవారు ఇవ్వలేరు. ఇంటిపన్ను కడుతున్నామనీ, కరెంటు మీటరు తమ పేరనే ఉందనీ, అమ్మకం దస్తావేజు రిజిస్టరయిందనీ చెప్పటం ఇటువంటి కేసులలో తరచుగా వినిపించే వాదన. పన్ను అనేది కట్టడం ఉన్నందుకు వసూలు చేసేదే గాని, కట్టడం కింది నేలకు పట్టా కాదు. అనుమతి లేని కట్టడాలపై మన పురపాలక సంస్థలు మామూలు పన్నుకు మించి జరిమానా పన్ను వేస్తాయి, అంతమాత్రాన అవి సక్రమం కావు. గ్రామాలలో శివాయి జమా అనే పద్ధతి ఉంది; ప్రభుత్వ భూమిని అనుమతి లేకుండా వాడుకుంటున్నవారి నుంచి వసూలు చేసే శిస్తుకు అది పేరు. తరాల తరబడి ఆ శిస్తు రసీదులను దాచుకుని, వాటినే హక్కు పత్రాలనుకున్న కుటుంబాలు ఉన్నాయి. 1905 చట్టం మాత్రం అటువంటి చెల్లింపు వల్ల స్వాధీన హక్కు రాదని విడమరచి చెబుతోంది. అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణకు ఆంధ్రప్రదేశ్ 2007లోనూ, తెలంగాణ 2015లోనూ పథకాలు తెచ్చినప్పుడు కూడా ప్రభుత్వ భూమిలోకి చొచ్చుకువచ్చిన కట్టడాలనూ, మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు గీత కిందికి వచ్చే కట్టడాలనూ వాటి నుంచి మినహాయించారు. సొంత స్థలంలో అదనపు అంతస్తు వేసుకున్నవానికి డబ్బు కట్టి బయటపడే దారి దొరికిందేమో గాని, వీధిలోకి వచ్చినవానికి అది దొరకలేదు.

కాలం గడిస్తే హక్కు వస్తుందన్న నమ్మకం ఇంతకంటే బలమైనది, దానిలో కొంత నిజం లేకపోలేదు. ఒకరి ఆస్తిని మరొకరు బహిరంగంగా, ఎడతెగకుండా, యజమాని హక్కును ధిక్కరిస్తూ 12 ఏళ్లు అనుభవిస్తే యజమాని దావా వేసే అవకాశాన్ని కోల్పోతాడని 1963 నాటి కాలపరిమితి చట్టం చెబుతుంది. దీనినే ప్రతికూల స్వాధీనం అంటారు. ప్రజా వీధిని తిరిగి రాబట్టుకునే స్థానిక సంస్థకు మాత్రం అదే చట్టం అనుబంధంలోని 111వ అధికరణం 30 ఏళ్ల గడువు ఇచ్చింది, ప్రభుత్వానికి 112వ అధికరణం కూడా అంతే గడువు ఇచ్చింది. కాబట్టి పన్నెండేళ్ల లెక్క వీధికి వర్తించదు. ముప్పై ఏళ్లు దాటాయని చెప్పేవారు కూడా ఏ ఏడు, ఏ హద్దుల మధ్య, ఎవరికి తెలిసేలా ఆ స్వాధీనం మొదలైందో గట్టి ఆధారాలతో చూపాలి. ప్రభుత్వ భూమిపై ఇటువంటి హక్కు కోరే దావాలను మామూలు దావాలకంటే నిశితంగా పరిశీలించాలని సుప్రీంకోర్టు 2010లో కర్ణాటకకు చెందిన హనుమయ్య కేసులో కింది కోర్టులను హెచ్చరించింది. అధికారుల నిర్లక్ష్యం వల్లనో, లాలూచీ వల్లనో ప్రజల ఆస్తి జారిపోకూడదన్నదే ఆ హెచ్చరిక వెనుక ఉన్న ఆలోచన. లాలూచీ ఎంత సులభమో ఎరిగిన దేశంలో ఆ జాగ్రత్త అవసరమైనదే.

ఇక తొలగించే మార్గాలు ఒకటి కాదు. 1905 చట్టం కింద తహశీల్దారు 7వ సెక్షన్ ప్రకారం నోటీసు ఇచ్చి, ఆక్రమణదారు చెప్పేది విని, 6వ సెక్షన్ ప్రకారం సంక్షిప్త పద్ధతిలో ఖాళీ చేయించవచ్చు. సంక్షిప్త పద్ధతి అంటే సివిల్ కోర్టులో దావా, సాక్షులు, అప్పీళ్లు అనే సుదీర్ఘ క్రమం లేకుండా అధికారి స్థాయిలోనే విచారించి తేల్చటం. హైదరాబాద్ నగరంలో 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం మూలాధారం, ఆంధ్రప్రదేశ్ నగరపాలక సంస్థలకూ మూలం అదే. దాని 402వ సెక్షన్ వీధిలో అడ్డు కలిగించే కట్టడాన్ని నిషేధిస్తే, 405వ సెక్షన్ అటువంటి దానిని నోటీసు లేకుండానే తొలగించే అధికారాన్ని కమిషనరుకు ఇస్తుంది. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు, అంటే సాధారణంగా ఆర్డీఓ గాని తహశీల్దారు గాని, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, అడ్డు తొలగించాలనీ లేదా హాజరై కారణం చెప్పుకోవాలనీ ఆదేశించవచ్చు. 2024 జూలై 1కి ముందు ఇదే అధికారం పాత నేర విచారణ స్మృతి 133వ సెక్షన్‌గా ఉండేది. ప్రజా మార్గానికి అడ్డు కలిగించటం నేరం కూడా. పాత శిక్షాస్మృతిలో దానికి 200 రూపాయల జరిమానా ఉండగా, భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ దానిని 5,000 రూపాయల వరకు పెంచింది. నడి బజారులో ఒక దుకాణం గది ఒక్క నెలలో తెచ్చే అద్దెతో పోల్చితే ఆ పెంపు కూడా ఆక్రమణను ఆపగలిగినది కాదు.

వీధిలో నడిచే మామూలు మనిషి కూడా ప్రేక్షకుడిగా మిగిలిపోవలసిన పని లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ ప్రకారం, తమకు ప్రత్యేకంగా నష్టం జరగకపోయినా, ఇద్దరు పౌరులు కోర్టు అనుమతితో ప్రజా బాధకంపై దావా వేయవచ్చు. ప్రజా బాధకం అంటే ఒకరికి కాక అందరికీ ఇబ్బంది కలిగించే చర్య. స్థానిక సంస్థ డబ్బు లేదనో సిబ్బంది లేరనో చేతులు ముడుచుకుంటే ఏం చేయాలన్న ప్రశ్నకు 1980లో రత్లాం పురపాలక సంఘం కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ సమాధానం ఇచ్చారు. ఆ కేసు మురుగు కాలువలకు, అపరిశుభ్రతకు సంబంధించినది; చట్టం విధించిన బాధ్యతను నిధుల లేమి సాకుతో తప్పించుకోవటం కుదరదని అందులో వెలువడిన సూత్రం రోడ్లకూ వర్తిస్తుంది.

నోటీసు లేకుండా తొలగించవచ్చు అన్న మాట దగ్గర కొంతసేపు ఆగాలి, ఎందుకంటే అన్యాయాలు ఎక్కువగా జరిగేది అక్కడే. బొంబాయి కాలిబాటలపై గుడిసెలు వేసుకుని బతుకుతున్నవారి విషయంలో ఇటువంటి నిబంధనే ఓల్గా టెల్లిస్ కేసుగా సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వచ్చి, 1985లో తేలింది. కాలిబాట నడిచేవారి కోసం ఉద్దేశించినదే గాని నివాసానికి కాదని కోర్టు స్పష్టం చేసింది. అదే తీర్పులో, నోటీసు లేకుండా తొలగించే అధికారం అత్యవసర సందర్భాల కోసం మిగిల్చిన మినహాయింపు మాత్రమేననీ, ముందుగా తెలియజేసి వినటమే సాధారణ నియమమనీ చెప్పింది. అహ్మదాబాద్‌లోని రఖియాల్ రోడ్డు ఆక్రమణల కేసులో 1996లో సుప్రీంకోర్టు దీనికి ఆచరణ రూపం ఇచ్చింది. ఆక్రమణ జరిగిన వెంటనే తొలగించటం స్థానిక సంస్థ విధి అనీ, ఏళ్ల తరబడి ఊరుకుని స్థిరపడనిచ్చిన తరవాత మాత్రం నోటీసు ఇవ్వక తప్పదనీ ఆ తీర్పు సారాంశం. పునాది తీసేనాడు ఒక్క మేస్త్రీని ఆపితే సరిపోయే పనికి, ఇరవై ఏళ్ల తరవాత ఒక కుటుంబాన్ని వీధిలో నిలబెట్టవలసి రావటం పాలనా వైఫల్యమే. ఆ వైఫల్యపు ఖరీదును పూర్తిగా ఆ కుటుంబం మీదనే వేయటం కోర్టులకు న్యాయంగా తోచలేదు.

2024 నవంబరు ఈ విషయంలో గుర్తుంచుకోవలసిన నెల. 13వ తేదీన సుప్రీంకోర్టులో జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ కె.వి. విశ్వనాథన్ ధర్మాసనం, కూల్చివేతలకు ముందు 15 రోజుల నోటీసు, వ్యక్తిగత విచారణ, కారణాలతో కూడిన ఉత్తర్వు ఉండాలని దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే రోడ్డు, వీధి, కాలిబాట, రైలు మార్గపు అంచు, నదులు, చెరువుల వంటి చోట్ల ఉన్న అనధికార కట్టడాలకు ఈ మార్గదర్శకాలు వర్తించవని అదే తీర్పులో పేర్కొంది. ఈ మినహాయింపును చూపి, రోడ్డు మీదిదైతే ఏ రాత్రయినా పడగొట్టవచ్చని కొందరు అధికారులు అర్థం చేసుకోవటం ప్రమాదకరం. ఆ తీర్పుకు సరిగ్గా వారం ముందు, 6వ తేదీన, అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం ఉత్తరప్రదేశ్‌లోని మహారాజ్‌గంజ్ పట్టణపు కేసులో ఇచ్చిన ఉత్తర్వును పక్కన పెట్టుకుని చదివితే అసలు సంగతి తెలుస్తుంది.

730వ నంబరు జాతీయ రహదారి విస్తరణ కోసం 2019 సెప్టెంబరులో ఆ పట్టణంలో ఒక పూర్వీకుల ఇంటిని కూల్చారు. లిఖితపూర్వక నోటీసు లేదు, దండోరా వేయించామన్నదే అధికారుల జవాబు. ఆ ఇల్లు రహదారిలోకి 3.70 మీటర్లు వచ్చిందని చెప్పారు. కూల్చినది అయిదు నుంచి ఎనిమిది మీటర్ల వరకు అని జాతీయ మానవ హక్కుల సంఘం పరిశీలనలో తేలింది. ఆ రహదారి మొదటి వెడల్పు ఎంతో చూపే పత్రం ఒక్కటి కూడా రాష్ట్రం కోర్టు ముందు పెట్టలేకపోయింది. కోర్టు 25 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని ఆదేశించి, బాధ్యులైన అధికారులపై చర్యకు ఆదేశించటమే కాక, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు అన్ని రాష్ట్రాలూ పాటించవలసిన వరుసను కూడా నిర్ణయించింది. మొదట రికార్డుల ప్రకారం రోడ్డు ప్రస్తుత వెడల్పు తేల్చాలి. తరవాత సర్వే చేసి ఆక్రమణ ఉందో లేదో చూడాలి. ఉంటే లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం వస్తే కారణాలు చెబుతూ నిర్ణయించాలి. నిర్ణయం వ్యతిరేకమైనా ఖాళీ చేసుకోవడానికి తగిన గడువు ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతేనే తొలగించాలి. రోడ్డు భూమి, దానిని ఆనుకున్న ప్రభుత్వ భూమి సరిపోకపోతే ఆ అదనపు నేలను చట్టప్రకారం సేకరించుకోవాలి. కూల్చే యంత్రం కంటే ముందు కొలత గొలుసు రావాలన్నది ఈ వరుసలోని సారం.

ఆ కొలత ఎంత క్లిష్టమైనదో సర్వేయరుకు తెలుసు. ఆంధ్ర ప్రాంతంలో సర్వే నంబరు హద్దుల కొలతలు ఎఫ్.ఎం.బి. అనే క్షేత్ర కొలతల పుస్తకంలోనూ, తెలంగాణలో టిప్పన్, గ్రామ నక్షాలలోనూ ఉంటాయి. అయితే ఊరి మధ్యనున్న గ్రామకంఠం, అంటే పూర్వం నుంచి ఇళ్లున్న నివాస స్థలం, చాలా చోట్ల ఇంటింటికీ కొలతలు లేకుండా ఒకే ముక్కగా నమోదైంది. అక్కడ వీధి వెడల్పు చూపే పాత గీత దొరకనప్పుడు, అధికారులు ఇప్పుడున్న తారు రోడ్డు మధ్య నుంచి రెండు వైపులా సమానంగా కొలిచి ఎర్ర రంగు గుర్తులు వేస్తారు. ఒక వైపువారు ఏళ్ల తరబడి ముందుకు జరగటం వల్ల తారు రోడ్డే రెండో వైపుకు ఒరిగిపోయిన చోట, ఈ కొలత ఆక్రమించనివారి గోడను ఆక్రమణగా చూపి, ఆక్రమించినవారిని వదిలేస్తుంది. మధ్యగీత పద్ధతి సులభమైనదే గాని హక్కులు తేల్చే పద్ధతి కాదు.

హక్కు మీదనే నిజమైన వివాదం ఉన్నప్పుడు సంక్షిప్త పద్ధతి చెల్లదని తేల్చిన ప్రధాన తీర్పు మన నేల మీదిదే. హైదరాబాద్ హబ్సిగూడలో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం సేకరించారన్న భూమిలో చాలాకాలంగా స్వాధీనంలో ఉన్నవారిని 1905 చట్టం 6వ సెక్షన్ కింద ఖాళీ చేయించబోతే, ఆ భూమి నిజంగా ప్రభుత్వానిదా కాదా అన్నదే సందేహంలో ఉన్నప్పుడు తహశీల్దారు తానే న్యాయమూర్తి కాలేడనీ, ప్రభుత్వం సివిల్ కోర్టుకు వెళ్లాలనీ 1982లో తుమ్మల కృష్ణారావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సందేహం అంటే ఆక్రమణదారు నోటికి వచ్చిన వాదన కాదు, పత్రాల మీద నిలబడే వాదన. మేజిస్ట్రేటు విచారణలోనూ ఇదే నియమం: అది ప్రజా మార్గమే కాదని ఎవరైనా నమ్మదగిన ఆధారం చూపితే, ఆ ప్రశ్న తగిన కోర్టులో తేలే వరకు మేజిస్ట్రేటు ఆగాలి.

ఆక్రమణకూ విస్తరణకూ ఉన్న తేడా కూడా సామాన్యుల మాటల్లో తరచుగా చెరిగిపోతుంది. మాస్టర్ ప్లాన్‌లో 40 అడుగుల వీధిని 80 అడుగులు చేయాలని గీత గీస్తే, ఆ గీతలో పడిన ఇంటి యజమాని ఆక్రమణదారు కాడు. అతని నేల ఇంకా అతనిదే. ఆ నేల తీసుకోవడానికి 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం గాని, రెండు తెలుగు రాష్ట్రాలలోనూ వాడుకలో ఉన్న బదలాయించదగిన అభివృద్ధి హక్కుల పత్రం గాని ఇవ్వాలి. ఆ పత్రంతో యజమాని మరోచోట అదనంగా కట్టుకోవచ్చు లేదా ఆ హక్కును అమ్ముకోవచ్చు. హిమాచల్ ప్రదేశ్‌లో 1967లో ఒక మహిళ భూమిని సేకరణ లేకుండానే రోడ్డుకు తీసుకున్న ప్రభుత్వం, ఏళ్లు గడిచాయి కాబట్టి ప్రతికూల స్వాధీనం వల్ల ఆ నేల తమదైందని వాదించింది. ఆమె ఎనభై ఏళ్ల వయసులో ఉండగా, 2020 జనవరిలో, సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, రాజ్యాంగం 300ఎ అధికరణం కాపాడే ఆస్తి హక్కును గుర్తుచేసి పరిహారం ఇప్పించింది. వీధిని మింగే పౌరుడికి ఏ సూత్రం అడ్డొస్తుందో, పౌరుడి నేలను మింగే ప్రభుత్వానికీ అదే సూత్రం అడ్డొస్తుంది.

గుడి, మసీదు, చర్చి, విగ్రహం వంటి వాటి విషయంలో చట్టానికి భిన్నమైన కొలమానం లేదు. ప్రజా వీధులలో, పార్కులలో కొత్తగా ఏ మతపు కట్టడానికీ అనుమతి ఇవ్వరాదని 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఆదేశించింది, అప్పటికే ఉన్నవాటిని ఒక్కొక్కటిగా పరిశీలించి నిర్ణయించమని రాష్ట్రాలకు అప్పగించింది. రోడ్లపై, కాలిబాటలపై విగ్రహాలు నెలకొల్పడానికి అనుమతించవద్దని 2013 జనవరి 18న మరో ఉత్తర్వు వచ్చింది. మన కూడళ్లలో ఆ తరవాత కూడా వెలిసిన విగ్రహాలు, ఆ మహనీయుల గౌరవానికి గాని కోర్టు గౌరవానికి గాని ఏమీ చేర్చలేదు. బండి మీద కూరగాయలు అమ్ముకునేవారిది మాత్రం వేరే కథ. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వారి జీవనోపాధికి ప్రత్యేక రక్షణ కల్పించింది, దానిని శాశ్వత కట్టడపు ఆక్రమణతో కలిపి చూడకూడదు. సాయంత్రానికి తోసుకుపోయే బండిని ముందుగా పట్టుకుని, దాని వెనుక వీధిలోకి వచ్చిన కాంక్రీటు గదిని చూడనట్లు వెళ్లిపోయే తనిఖీ బృందం చట్టాన్ని తలకిందులుగా అమలు చేస్తున్నట్లే.

ఈ పరిస్థితి మారాలంటే మొదట కావలసింది కొత్త చట్టం కాదు. ప్రతి పురపాలక సంఘం, ప్రతి పంచాయతీ తన వీధుల రికార్డు వెడల్పును జాబితాగా ప్రకటించి, మలుపు మలుపునా హద్దు రాళ్లు పాతిస్తే, ఇరుపక్షాలవారి అబద్ధాలూ ఆ రాళ్ల దగ్గరే ఆగుతాయి. ఇల్లు కట్టబోయేవారు, కొనబోయేవారు, దస్తావేజులోని గజాల లెక్కతో తృప్తి పడక, ఇంటి ముందున్న వీధి రికార్డు వెడల్పు ఎంతో, మాస్టర్ ప్లాన్ గీత ఎక్కడ ఉందో స్థానిక సంస్థ నుంచి లిఖితపూర్వకంగా తీసుకోవాలి. ఆ సంస్థ ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగాలి. వీధిలోకి పునాది వస్తున్నట్లు కనిపిస్తే, గోడ లేవక ముందే ఫిర్యాదు రాసి, రసీదు తీసుకుని దాచుకోవాలి.